అమెరికా రెసిడెన్సీలో (అక్కడి పీజీ ట్రైనింగ్‌లో) ఏ స్పెషాలిటీయో తేలకుండా ప్రిలిమ్ ఇయర్, అంటే ఒక్క ఏడాదికే ఇచ్చే మొదటి ఏడాది సీటు, తీసుకుంటే ఏమవుతుంది? తీసుకోక తప్పకపోతే ఏది?

చెల్లి అడిగింది క్లుప్తంగా ఇదీ. 2018లో ఎంబీబీఎస్ అయిపోయింది, పెళ్ళయ్యాక ఫ్రిస్కో వచ్చింది, హెచ్4 (భర్త హెచ్1బీ మీద వచ్చే వీసా) మీద ఉంది, ఈఏడీ (పనిచేసే అనుమతి) ఉంది, మూడేళ్ళ పాప. స్టెప్ 2 సీకే (అమెరికా లైసెన్సు పరీక్షల్లో ఒకటి)లో 241. న్యూరాలజీనా, అనస్థీషియానా, ఇంటర్నల్ మెడిసినా తేలట్లేదు. "ముందు ఒక ఏడాది ప్రిలిమ్ చేసేస్తే ఆ ఏడాదిలో నాకే తెలిసిపోతుంది కదా అక్కా, మరి ప్రిలిమ్ మెడిసిన్, ప్రిలిమ్ సర్జరీ, ట్రాన్సిషనల్ ఇయర్, ఈ మూడింట్లో ఏది తీసుకోను" అని.

చెల్లీ, ఆ "తెలిసిపోతుంది కదా" దగ్గరే ఒక్క నిమిషం ఆగుదాం. 2013లో నేను కూడా అచ్చం ఇదే అనుకున్నా, అనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నా. మనవాళ్ళకి ప్రిలిమ్స్ అనగానే గ్రూప్ వన్ గుర్తొస్తుంది, ప్రిలిమ్స్ గట్టెక్కితే మెయిన్స్‌కి పిలుస్తారు అని. ఇక్కడ ప్రిలిమ్ ఎంత బాగా చేసినా మెయిన్స్‌కి పిలిచేవాడు ఎవడూ ఉండడు, జూన్ 30తో కాంట్రాక్ట్ అయిపోతుంది, బ్యాడ్జ్ తిరిగిచ్చేసి ఇంటికెళ్ళడమే. అసలు ఆ ఏడాది పెట్టింది రెండో ఏడాది సీటు ముందే చేతిలో ఉన్నవాళ్ళ కోసం. రేడియాలజీ, డెర్మటాలజీ, పీఎంఆర్ (రిహాబ్ మెడిసిన్), కొన్ని అనస్థీషియా, కొన్ని న్యూరాలజీ ప్రోగ్రాంలు పీజీవై-2 (రెసిడెన్సీ రెండో ఏడాది) నుంచి మొదలవుతాయి, వీటినే అడ్వాన్స్‌డ్ అంటారు, వాటికి ముందు ఒక క్లినికల్ ఏడాది ఎక్కడో ఒకచోట చేసి రమ్మంటారు, ఆ ఎక్కడో ఒకచోటే ప్రిలిమ్. సీటు లేకుండా, ఏది కావాలో తెలియకుండా అందులో చేరడమంటే రిజర్వేషన్ లేకుండా రైలెక్కి టీటీ కోసం చూస్తూ కూచోవడమే.

ఇంకో సంగతి క్యాలెండర్. ఇంటర్న్ ఇయర్ జూలై 1న మొదలవుతుంది. వచ్చే ఏడాది సీటు కోసం ఈరాస్ (రెసిడెన్సీకి అప్లై చేసే వెబ్‌సైట్) అప్లికేషన్లు సెప్టెంబర్ ఆఖరుకల్లా ప్రోగ్రాంలకి వెళ్ళిపోవాలి. అంటే "ఆలోచించుకోవడానికి ఏడాది" అని నువ్వు అనుకుంటున్నది నిజానికి మూడు నెలలు కూడా కాదు, అందులో మొదటి నెల ఎపిక్ (ఆసుపత్రి కంప్యూటర్ రికార్డు)లో ఆర్డర్ ఎక్కడ పెట్టాలో, ఏ నర్సుకి ఏ నంబర్ మీద ఫోన్ చెయ్యాలో నేర్చుకోవడానికే పోతుంది. ఆగస్టు మధ్యలో నీకు సిఫార్సు లెటర్ రాయాల్సిన అటెండింగ్‌కి (పెద్ద డాక్టర్‌కి) నీ పేరు కూడా సరిగ్గా రాదు.

నా కథ చెప్తా, తొందరగా చెప్పేస్తా. కాకినాడ రంగరాయలో చదివా, మ్యాచ్ (అభ్యర్థులు, ప్రోగ్రాంలు రాసిన ఇష్టాల వరసలు కలిపి కంప్యూటర్ సీట్లు పంచే పద్ధతి) వారం సోమవారం పొద్దున "యు డిడ్ నాట్ మ్యాచ్" అని మెయిల్ చూశా, అప్పటికి సోప్ (మ్యాచ్‌లో మిగిలిన సీట్లు పంచే రౌండు) వచ్చి రెండో ఏడాది, ఆ నాలుగు రోజుల్లో ఎక్కువగా ఖాళీ కనిపించేవి ప్రిలిమ్ సర్జరీ సీట్లు. ఇప్పటికీ ప్రతి మార్చిలో అవి చాలానే మిగిలిపోతాయి, ఎందుకు మిగులుతాయో నాకు అప్పుడు తెలీదు. సీటు దొరికింది కదా, సర్జరీ అంటే ఏమో నచ్చుతుందేమో, లేకపోతే మారిపోదాం అనుకుని జే-1 (ట్రైనింగ్‌కి ఇచ్చే వీసా) మీద చేరిపోయా. పొద్దున నాలుగున్నరకి లిస్ట్ ప్రింట్ తీసి నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకోవడం, ఒక్కో పేషెంటు పక్కన చిన్న చిన్న డబ్బాలు గీసుకోవడం, డ్రెయిన్‌లో ఎంత వచ్చింది, గ్యాస్ పోయిందా, ఫోలీ (మూత్రం గొట్టం) తీశారా, ఆరు గంటలకి సీనియర్ వచ్చేలోపు ఇవన్నీ టిక్ అయిపోవాలి. కేటగారికల్ (మొదటి ఏడాది నుంచి చివరిదాకా సీటు ఉన్న) ఇంటర్న్ ఓటీకి వెళ్తే ఫ్లోర్ మీద ముప్ఫై మందికి నేనొక్కదాన్నే. డిశ్చార్జ్ సమ్మరీలన్నీ నావే. ఆ ఏడాది మొత్తంలో నేను స్క్రబ్ అయి లోపలికి వెళ్ళింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒక అటెండింగ్ అయితే పాపం మంచాయనే, అక్టోబర్ దాకా నన్ను "ది ప్రిలిమ్" అనే పిలిచాడు.

ఆగస్టు చివర ఆయన్నే లెటర్ అడిగా. "రాస్తాను, కానీ నిన్ను నేను పెద్దగా చూడలేదు" అన్నాడు, అన్నట్టే మూడు లైన్లు రాశాడు. అప్పుడు జూమ్ ఇంటర్వ్యూలు లేవు, 2020 తర్వాత వచ్చాయవి, ఎక్కడికైనా ఫ్లైట్ ఎక్కాల్సిందే, సెలవు కోసం తోటి ఇంటర్న్‌ల దగ్గర షిఫ్టులు మార్చుకుని బతిమాలుకుని ఆరు ఇంటర్వ్యూలకి వెళ్ళా. చివరికి ఇంటర్నల్ మెడిసిన్ కేటగారికల్ వచ్చింది, కానీ మళ్ళీ పీజీవై-1 నుంచే, సర్జరీ ఫ్లోర్ మీద నేను చేసిన ఏడాదిని మెడిసిన్ బోర్డ్ లెక్కలోకి తీసుకోదు కాబట్టి. దానికి తోడు జే-1లో స్పెషాలిటీ మార్చుకోవడం ఒక్కసారే కుదురుతుంది, అదీ మొదలుపెట్టిన రెండేళ్ళ లోపే, మార్చినప్పుడు ఇండియా ఆరోగ్యశాఖ నుంచి కొత్త స్పెషాలిటీ పేరు మీద మళ్ళీ స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ (ఈ స్పెషాలిటీ డాక్టర్లు మా దేశానికి కావాలి అనే కాగితం) తెచ్చుకోవాలి. ఆ సంగతి నాకు ఏప్రిల్ ఆఖర్లో గానీ తెలీలేదు, తప్పు నాదే, చదవలేదు. మా నాన్న ఆ ఎండల్లో ఢిల్లీ వెళ్ళి కూచున్నాడు. మూడేళ్ళ మెడిసిన్, ఆ తర్వాత జే-1 వెయివర్ (ట్రైనింగ్ అయ్యాక ఇండియా తిరిగి వెళ్ళాలన్న షరతుకి మినహాయింపు) కోసం ఒక చిన్న ఊళ్ళో మూడేళ్ళు, ఇప్పుడు హాస్పిటలిస్ట్‌ని (ఆసుపత్రిలో చేరిన పేషెంట్లని చూసే డాక్టర్‌ని), రెసిడెంట్లకి చెప్తాను, ప్రతి ఏడాదీ అప్లికేషన్లు చదివే కమిటీలో కూచుంటాను. కాబట్టి టేబుల్‌కి రెండు వైపులా చూశాననుకో.

ఇక నీ మూడు రకాల సంగతి.

ట్రాన్సిషనల్ ఇయర్ పేరు వింటే మన హౌస్ సర్జన్సీలా ఉంటుంది, అన్ని వార్డులూ తిరగొచ్చు, ఎలెక్టివ్‌లు ఎక్కువ, తేలని మనిషికి ఇదే కదా సరైనది అనిపిస్తుంది. కాగితం మీద నిజమే. కానీ ఆ సీట్లకి పోటీ పడేది డెర్మటాలజీ, రేడియాలజీ సీటు చేతిలో పెట్టుకుని కాస్త సుఖంగా ఒక ఏడాది గడుపుదాం అనుకునే అమెరికన్ గ్రాడ్యుయేట్లు. 2018 గ్రాడ్యుయేట్‌వి, విదేశీ కాలేజీ, వాళ్ళని దాటి వెళ్ళడం కష్టం. పైగా ఆ ఏడాది అయ్యాక ఇంటర్నల్ మెడిసిన్ కావాలనిపిస్తే మొత్తం ఏడాదికి క్రెడిట్ రాదు. న్యూరాలజీకీ పేచీ ఉంది, వాళ్ళకి మొదటి ఏడాదిలో మెడిసిన్ నెలలు గట్టిగా కావాలి, అన్ని ట్రాన్సిషనల్ ఇయర్లూ ఆ లెక్కకి సరిపోవు. అనస్థీషియాకి మాత్రం బాగానే పనికొస్తుంది.

ప్రిలిమ్ సర్జరీ గురించి నా కథలోనే చెప్పేశా. అందులో డెసిగ్నేటెడ్, నాన్-డెసిగ్నేటెడ్ అని రెండుంటాయి, తర్వాతి సీటు ముందే ఉన్నవాళ్ళది మొదటిది, ఏదీ లేనివాళ్ళది రెండోది. నీకు సర్జరీ మీద మనసే లేనప్పుడు అటు చూడకు. ఒక్క సందర్భంలో మాత్రం పనికొస్తుంది, పీజీవై-2 అనస్థీషియా అడ్వాన్స్‌డ్ మ్యాచ్ అయి, మొదటి ఏడాది మాత్రం ఎక్కడా మ్యాచ్ అవ్వలేదనుకో, అప్పుడు సోప్‌లో ప్రిలిమ్ సర్జరీ పట్టుకుని ఏడాది లాగేయొచ్చు, ఎందుకంటే అవతల సీటు ఉంది, ఎంత ఏడిపించినా పన్నెండు నెలలే.

ప్రిలిమ్ మెడిసిన్. నువ్వు చెప్పిన మూడింటికీ తలుపులు తెరిచి ఉంచేది ఇదొక్కటే. న్యూరాలజీకి కావాల్సిన మెడిసిన్ నెలలు ఇందులో ఉంటాయి, అనస్థీషియా వాళ్ళు ఒప్పుకుంటారు, మెడిసినే అనుకుంటే ఈ ఏడాదికి మామూలుగా బోర్డ్ క్రెడిట్ వస్తుంది, ఎక్కడైనా పీజీవై-2 ఖాళీ ఉంటే నేరుగా చేరొచ్చు. పని మాత్రం కష్టమే. వారానికి 80 గంటలు దాటకూడదని రూలు, అది నాలుగు వారాల సగటు, అంటే ఒక వారం 90 దాటినా రూలు తప్పినట్టు కాదు. నేనున్నప్పుడు ఇంటర్న్‌కి ఒక షిఫ్ట్ 16 గంటలు దాటకూడదని ఉండేది, 2017లో అది తీసేశారు, ఇప్పుడు 24 గంటల కాల్ కూడా వెయ్యొచ్చు. కాల్స్ ఎలా ఉన్నాయో ఇంటర్వ్యూలో కాకుండా అక్కడి రెసిడెంట్లని విడిగా అడుగు.

అయితే చెల్లీ, ప్రిలిమ్ మెడిసిన్ మంచిదని చెప్పడానికి కాదు నేను ఇంత రాస్తున్నది. కేటగారికల్ మెడిసిన్ ఇంటర్న్, ప్రిలిమ్ మెడిసిన్ ఇంటర్న్ పక్కపక్కన నించుని అదే పని చేస్తారు, అవే వార్డులు, అదే నైట్ ఫ్లోట్ (వరస రాత్రి డ్యూటీలు), అదే జీతం. తేడా అంతా జూన్ 30న. ఒకడికి రెండో ఏడాది ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. కేటగారికల్‌లో మొదటి ఏడాది చేశాక నీకు న్యూరాలజీయే కావాలనిపిస్తే ఆ ఏడాది న్యూరాలజీకి ముందు ఏడాదిగా పనికొస్తుంది, అనస్థీషియాకీ పనికొస్తుంది. మనసు మారకపోతే అక్కడే ఉండి మూడేళ్ళలో బయటపడతావు. మరి తేలని మనిషి ఏది తీసుకోవాలి? వచ్చే ఏడాదికి గ్యారంటీ ఉన్నదే కదా. మనవాళ్ళలో చాలామంది "నాకు ఇంకా తేలలేదు కాబట్టి ప్రిలిమ్" అంటారు, నేను తిరగేసి చెప్తా, తేలలేదు కాబట్టే కేటగారికల్. చేరేటప్పుడే వెళ్ళిపోదామని చేరకు, అది పద్ధతి కాదు, అవతల వాళ్ళు మూడేళ్ళకి లెక్క వేసుకుని తీసుకుంటారు. కానీ నిజంగా మనసు మారితే పీడీ (ప్రోగ్రాం డైరెక్టర్) దగ్గరికి వెళ్ళి త్వరగా చెప్పు, డిసెంబర్‌లో చెప్తే సాయం చేస్తారు, మే నెలలో చెప్తే మొహం చూడరు.

ఇది ర్యాంక్ లిస్టులో ఎలా పెట్టాలో చూడు, ఇక్కడ చాలామంది తికమక పడతారు. మెయిన్ లిస్టులో నీకు నిజంగా ఇష్టమైన వరసలో న్యూరాలజీ కేటగారికల్, మెడిసిన్ కేటగారికల్ కలిపి రాసెయ్, ఒకే లిస్టులో రెండు మూడు స్పెషాలిటీలు పెట్టొచ్చు. ఇప్పుడు న్యూరాలజీ, అనస్థీషియా రెండింట్లోనూ మొదటి ఏడాదితో కలిపి నాలుగేళ్ళు ఒకేచోట ఇచ్చే ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి, ముందు వాటిని చూడు. అడ్వాన్స్‌డ్ ప్రోగ్రాం ఏదైనా పెడితే దానికి తోకలా ఒక సప్లిమెంటల్ లిస్ట్ తగిలించాలి, అందులో ప్రిలిమ్‌లు, ట్రాన్సిషనల్‌లు వరసగా రాయాలి. ఆ అడ్వాన్స్‌డ్ సీటు నీకు తగిలితేనే కంప్యూటర్ ఆ తోక లిస్ట్ తెరుస్తుంది, లేకపోతే దాని మొహం చూడదు. మెయిన్ లిస్టు అట్టడుగున, అన్నీ పోతే అన్నట్టు, ఒంటరి ప్రిలిమ్ మెడిసిన్‌లు రెండు మూడు పెట్టుకో. వాటి స్థానం అక్కడే. అనస్థీషియా గురించి మొహమాటం లేకుండా చెప్తున్నా, ఈమధ్య బాగా పోటీ పెరిగింది, నీ ప్రొఫైల్‌కి మెడిసిన్, న్యూరాలజీల్లో ఇంటర్వ్యూలు వచ్చినన్ని అక్కడ రావు.

అడ్వాన్స్‌డ్ సీటు వచ్చి ఇంటర్న్ ఇయర్ మధ్యలో మనసు మారితే? చెప్పాపెట్టకుండా వేరే చోట అప్లై చేసేశావంటే మ్యాచ్ నడిపే సంస్థ ఎన్ఆర్‌ఎంపీ దృష్టిలో ఉల్లంఘన. స్పెషాలిటీ మార్పుకి వెయివర్ అడగాలి, ఆ అడ్వాన్స్‌డ్ ట్రైనింగ్ మొదలయ్యే ఏడాది జనవరి 15 లోపు అడగాలి, అది వచ్చాకే మిగతావి. మా దగ్గర ఒక కుర్రాడు ఈ తేదీ తెలీక ఫిబ్రవరిలో పరిగెత్తాడు.

డబ్బుల గొడవ కూడా విని ఉంటావు, "ఒకసారి ప్రిలిమ్ చేస్తే మెడికేర్ ఫండింగ్ అయిపోతుంది, ఇంకెవరూ తీసుకోరు" అని భయపెడతారు. సగం నిజం. రెసిడెంట్ ట్రైనింగ్ కోసం ఆసుపత్రికి మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇచ్చే డబ్బులో ఒక భాగం నీ మొదటి స్పెషాలిటీకి ఎన్నేళ్ళో అన్నేళ్ళే పూర్తిగా ఇస్తారు, ఆ తర్వాత సగం. సీటు లేకుండా ప్రిలిమ్ మెడిసిన్ చేరితే నీ గడియారం మూడేళ్ళకి తిరుగుతుంది, ఆ తర్వాత మూడేళ్ళ అనస్థీషియాకి వెళ్తే చివరి ఏడాది సగం డబ్బే. అదే మ్యాచ్‌లో ప్రిలిమ్‌తో పాటే అడ్వాన్స్‌డ్ కూడా వచ్చి ఉంటే ఆ రెండో స్పెషాలిటీ లెక్కే తీసుకుంటారు. ట్రాన్సిషనల్ అయితే రెండో ఏడాది ఎందులో చేరావో దాన్నిబట్టి. తమాషా ఏంటంటే ప్రిలిమ్ సర్జరీ వాళ్ళకి అయిదేళ్ళు వస్తాయి, నాకు కూడా వచ్చాయి, ఆ ఏడాదికి నాకు మిగిలిన లాభం అదొక్కటే. మా కమిటీలో మాత్రం ఇన్నేళ్ళలో ఫండింగ్ వల్ల ఒక అభ్యర్థిని పక్కన పెట్టడం నేను చూడలేదు, లెటర్లు చప్పగా ఉండి పక్కన పెట్టడం ప్రతి వారం చూస్తాను.

నీకు జే-1 బాధ లేదు, హెచ్4 ఈఏడీ మీద రెసిడెన్సీ చెయ్యొచ్చు, ప్రోగ్రాం నిన్ను స్పాన్సర్ చెయ్యక్కర్లేదు, అది నీకు పెద్ద బలం, అప్లికేషన్‌లో స్పష్టంగా కనపడేలా పెట్టు. జే-1 మీద వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది చదువుతుంటే మీకు మాత్రం సీటు లేని ప్రిలిమ్ ఇంకా ప్రమాదం, కాంట్రాక్ట్ అయిపోయాక 30 రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. నీ విషయంలో భయం ఇంకో చోట ఉంది. ఈఏడీ మీ ఆయన ఉద్యోగం మీద ఆధారపడ్డది. ఆయన కంపెనీలో లేఆఫ్ పడితే 60 రోజుల గడువు, నీ వార్డ్ డ్యూటీ కూడా దాంతోనే ఆగుతుంది. అందుకని జే-1 అయినా స్పాన్సర్ చేసే ప్రోగ్రాంలని లిస్టులో కొన్ని ఉంచుకో, అవసరం పడకపోవచ్చు.

ఇంతా చదివి కూడా ప్రిలిమ్ మెడిసినే దొరికిందనుకో, చాలామందికి అదే దొరుకుతుంది, అప్పుడు ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న మర్చిపోకు: "గత మూడేళ్ళలో సీటు లేకుండా చేరిన మీ ప్రిలిమ్‌లు ఎక్కడికి వెళ్ళారు?" పీడీ చెప్పే జవాబు ఒకటి, ఇప్పుడున్న ప్రిలిమ్ పక్కకి పిలిచి చెప్పే జవాబు ఇంకొకటి, రెండూ విను. అక్కడ పది మంది ప్రిలిమ్‌లుంటే తొమ్మిది మందికి ముందే రేడియాలజీ, అనస్థీషియా సీట్లు ఉన్నాయంటే మంచిదే, ఎవరో ఒక కేటగారికల్ వెళ్ళిపోయి పీజీవై-2 ఖాళీ అయితే నువ్వొక్కదానివే వరసలో ఉంటావు. అదే పది మందీ సీటు లేనివాళ్ళైతే ఆ ఒక్క ఖాళీ కోసం పది మంది కొట్టుకోవాలి. అలాగే మ్యాచ్ అయిన వారంలోనే, అభినందనల ఫోన్లు ఆగకముందే, చీఫ్ రెసిడెంట్‌కి మెయిల్ పెట్టి నీ ఎలెక్టివ్‌లు జూలై, ఆగస్టుల్లో వెయ్యమని అడుగు. న్యూరాలజీ ఎలెక్టివ్ మార్చిలో పడితే దానితో నీకు లెటరూ రాదు, నిర్ణయమూ రాదు, హాయిగా ఆదివారాలు వస్తాయి, అంతే. స్టెప్ 3 (ఆఖరి లైసెన్సు పరీక్ష) చేరకముందే రాసెయ్.

అసలు తేలకపోవడం గురించి కూడా ఒక మాట. ఇప్పటి నుంచి సెప్టెంబర్ దాకా నీకు దొరికే టైమే నిజమైన ప్రిలిమ్ ఇయర్ అనుకో. అబ్జర్వర్‌షిప్‌కి (డాక్టర్ వెంట ఉండి చూడటానికి) వెళ్ళినప్పుడు స్ట్రోక్ అలర్ట్ రాగానే అందరూ సీటీ స్కాన్ వైపు పరిగెత్తడం చూసి న్యూరాలజీ అంటే ఇష్టం పుట్టడం తేలిక, ఎవరికైనా పుడుతుంది. నువ్వు చూడాల్సింది మంగళవారం మధ్యాహ్నం క్లినిక్, మైగ్రేన్, మైగ్రేన్, చేతులు తిమ్మిర్లు, మళ్ళీ మైగ్రేన్, మధ్యలో డిమెన్షియా వచ్చిన పెద్దాయన, ఆయన కూతురు ఏడుపు. అనస్థీషియా అంటే ట్యూబ్ వేసే ముప్ఫై సెకన్లు కాదు, తర్వాత నాలుగు గంటలు ఆ తెర వెనకాల మానిటర్ శబ్దం వింటూ ఒక్కదానివే కూచోవడం, పొద్దున ఆరున్నరకి రూమ్ సిద్ధం చేసుకోవడం. మెడిసిన్ అంటే నా బతుకే, సగం రోజు కేస్ మేనేజర్‌తో "ఈయన్ని ఏ నర్సింగ్ హోమ్ తీసుకుంటుంది" అని మాట్లాడటం. ఈ మూడింట్లో ఏ విసుగుని నువ్వు ముప్ఫై ఏళ్ళు భరించగలవో చూసుకో. మా బ్యాచ్‌మేట్ ఒకావిడ ఇలా చూసే అనస్థీషియా వదిలేసింది, పేషెంటు నిద్రపోతే తనకి మాట్లాడేవాళ్ళు లేరని.

పాప సంగతి కూడా లెక్కలో వేసుకో. మనం అందరం చేసేదే, ముందు అమ్మ ఆర్నెల్లు, తర్వాత అత్తగారు ఆర్నెల్లు. జూలై 1 నుంచి ఇద్దరినీ వరసగా రప్పిస్తే ఏడాది గడుస్తుంది గానీ, ప్రిలిమ్ అయ్యాక వేరే రాష్ట్రంలో సీటు వస్తే డేకేర్ నుంచి అన్నీ మళ్ళీ మొదలు, మీ ఆయన ఉద్యోగం అక్కడికి కదులుతుందో లేదో అదొకటి. డాలస్ చుట్టుపక్కలే కావాలని పట్టుబడితే ఇంటర్వ్యూలు తగ్గిపోతాయి, కాబట్టి ఆయనతో ఈ మాట ఇప్పుడే మాట్లాడు, ర్యాంక్ లిస్ట్ రాత్రి కాదు.

నీ ఈఏడీ ఎప్పటిదాకా ఉందో రాయలేదు. చేరే ఏడాది జూలై 1 దాటి ఉందా, మధ్యలో రెన్యూవల్ పడుతుందా చూసి చెప్పు. అలాగే ఇప్పటిదాకా ఉన్న లెటర్లు ఏ స్పెషాలిటీ వాళ్ళవో రాయి, మూడూ మెడిసిన్ వాళ్ళవే అయితే ఆగస్టులోపు ఒక న్యూరాలజిస్ట్ దగ్గర నాలుగు వారాలు ఎలా పట్టాలో ఆలోచిద్దాం.